హెడ్‌లైట్ బల్బు కొనేముందు బండి పేరు కాదు, బల్బు పేరు చూడండి

నమస్కారం అండీ. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో మా ఇంటి ముందు నిలబడి మాట్లాడుతున్నాను. మధ్యమధ్యలో గాలి హోరు వినిపిస్తుంది, సముద్రం మాకు బాగా దగ్గర. కెమెరా మా అమ్మాయి పట్టుకుంది.

ఇదిగో, బండి ముందుకు రా అమ్మలూ. ఎడమ వైపు లైటు వెలుగుతోంది, కుడి వైపు చీకటి. నిన్న రాత్రి ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దిగి వస్తుంటే గమనించాను. ఒక లైటు ఉందిగా, నాలుగు రోజులు నడిపేద్దాం అనుకుంటారు చాలామంది. అలా చెయ్యకండి, అందులోనూ కుడి లైటు పోయినప్పుడు అసలు వద్దు. మనం రోడ్డుకి ఎడమ పక్క వెళ్తాం కాబట్టి ఎదురొచ్చేవాళ్లు మనల్ని దాటేది మన కుడి పక్క నుంచే. వాళ్లకి కనిపించేది ఎడమ లైటు ఒక్కటే. ఏదో మోటార్ సైకిల్ వస్తోందనుకుని దగ్గరగా వచ్చేస్తారు. తీరా దగ్గరికొచ్చాక అక్కడ కారు వెడల్పు ఉంటుంది.

సరే, బల్బు మార్చాలి. షాపుకెళ్తే అడిగే మొదటి మాట "ఏ బండండీ?" మనం బండి పేరు చెప్తాం, ఆయన ఒక డబ్బా తీసిస్తాడు. తేడా వచ్చేది సరిగ్గా అక్కడే. ఒకసారి మా బావగారి బండిలో అరకు నుంచి తిరిగొస్తున్నాం. ఘాట్ దిగేసరికి చీకటి పడింది, లోబీమ్ (కిందికి కొట్టే లైటు) ఒకటి పోయింది. దారిలో షాపు కనబడితే ఆపాం. బావగారు బండి పేరు చెప్పారు, బల్బు తెచ్చారు. తెచ్చింది మూడు కాళ్ల (వెనక కరెంటు అందుకునే రేకుల) బల్బు, బండిలో ఉన్నది రెండు కాళ్లది. అదే పేరుతో వచ్చిన పాత మోడల్‌కి హెచ్4 అనే రకం వేస్తారు, బావగారి కొత్త మోడల్‌కి హెచ్7. షాపాయన తప్పేమీ లేదు, చెప్పిన పేరుకి తగ్గ బల్బే ఇచ్చాడు. చీకట్లో సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని దాన్ని బలవంతంగా కూర్చోబెట్టబోతే స్ప్రింగు క్లిప్పు వంగిపోయింది. మా ఇంటి ఆడవాళ్లు, పిల్లలు బండిలో ఉన్నారు. ఒంటి లైటుతో ఒక లారీ వెనకాలే మెల్లగా ఇల్లు చేరాం. ఆ రాత్రి పడ్డ భయమే ఈ వీడియోకి కారణం.

అందుకని ముందు పాత బల్బు బయటికి తీద్దాం. ఇంజిన్ ఆపండి, లైట్ల స్విచ్ ఆపండి, ఒక పావుగంట ఆగండి. హాలోజెన్ బల్బు గాజు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఇప్పుడు బానెట్ ఎత్తి హెడ్‌లైట్ వెనక్కి చూడండి. ఇదీ కప్లర్, బల్బుకి కరెంటు వైర్లు తగిలించే ప్లాస్టిక్ ముక్క. వైర్లు పట్టుకుని లాగొద్దు, ప్లాస్టిక్ భాగం పట్టుకుని అటూ ఇటూ కదిపితే వస్తుంది. కొన్నింటికి చిన్న లాక్ ఉంటుంది, అది నొక్కాలి. దీని వెనక రబ్బరు క్యాప్, చెవులు పట్టుకుని లాగండి. ఆ లోపల సన్నటి స్ప్రింగు క్లిప్పు. లోపలికి నొక్కి పక్కకి తప్పిస్తే ఊడుతుంది. ఇదిగో బల్బు చేతికొచ్చింది.

అమ్మలూ, బాగా దగ్గరికి తే. ఈ ఇత్తడి రంగు చట్రం చుట్టూ చూడండి, చిన్న అక్షరాలు చెక్కి ఉన్నాయి. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. మొదట హెచ్4. పక్కనే 12వీ, 60/55డబ్ల్యూ. ఆ పక్కన గుండ్రటి గీతలో ఈ అనే అక్షరం, ఒక అంకె. మొదట చూసిన హెచ్4, అదే దీని అసలు పేరు. షాపులో మీరు చెప్పాల్సింది ఈ పేరు.

హెచ్4 అనేది రకం. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, ఒకటి హైబీమ్‌కి, ఒకటి లోబీమ్‌కి. లారీ డ్రైవర్లు అప్పర్, డిప్పర్ అంటారే, అవే. అందుకే దీనికి మూడు కాళ్లు. 60/55 అంటే హైబీమ్ 60 వాట్లు, లోబీమ్ 55. గాజులోంచి చూడండి, ఒక ఫిలమెంట్ కింద చిన్న రేకు దొప్పలాంటిది ఉంది. లోబీమ్ వేసినప్పుడు కాంతి కిందికి పడి, రిఫ్లెక్టర్‌కి (బల్బు చుట్టూ అద్దంలా మెరిసే గిన్నెకి) తగిలి పైకి లేవకుండా ఆపేది ఆ దొప్పే. ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా కాపాడేది గోరంత రేకు ముక్క! నాకు ఈ బల్బులో అన్నిటికంటే నచ్చింది అదే.

మిగతా రకాలు త్వరగా చెప్పేస్తాను. హెచ్7కి ఒకే ఫిలమెంట్, రెండు కాళ్లు, 55 వాట్లు. హెచ్7 వాడే బండ్లలో లోబీమ్‌కి ఒక బల్బు, హైబీమ్‌కి ఇంకొకటి ఉంటాయి, రెండూ ఒకే రకం కావాలని లేదు. తీసిన బల్బు ఏ గూట్లోంచి వచ్చిందో గుర్తు పెట్టుకోండి. హెచ్11కి ప్లాస్టిక్ మెడ ఉంటుంది, మోచెయ్యిలా వంగి ఉంటుంది. హెచ్8 కూడా అచ్చం అలాగే కనిపిస్తుంది, కానీ అది 35 వాట్లది. హెచ్‌బీ3, హెచ్‌బీ4 అని ఇంకో జంట. వీటినే 9005, 9006 అని కూడా అంటారు, కాబట్టి డబ్బా మీద ఏది రాసున్నా కంగారు పడొద్దు. 9005 అంటే హెచ్‌బీ3, 60 వాట్లు. 9006 అంటే హెచ్‌బీ4, 51 వాట్లు. బైకులకి వాడే హెచ్ఎస్1 కూడా ఉంది. చూడ్డానికి హెచ్4కి తోబుట్టువే, కానీ 35/35 వాట్లు. కంటి అంచనా మీద కొనొద్దని నేను మొత్తుకునేది ఇందుకే.

ఒక్కోసారి అక్షరాలు అరిగిపోయి చదవడానికి రావు. అప్పుడు బండితో ఇచ్చిన పుస్తకం తియ్యండి. చివరి పేజీల్లో బల్బుల పట్టిక ఉంటుంది. అదీ లేకపోతే హెడ్‌లైట్ డబ్బా వెనకాల చూడండి, చాలా బండ్లకి బల్బు రకం అక్కడ అచ్చు పోసి ఉంటుంది. ఏదీ దొరక్కపోతే పాత బల్బునే గుడ్డలో చుట్టి షాపుకి పట్టుకెళ్లండి. ఇంకో మాట. ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌కి హాలోజెన్, పై వేరియంట్‌కి ఎల్‌ఈడీ ఇస్తారు. 2018లో వచ్చిన స్విఫ్ట్ అలాంటిదే. కంపెనీ నుంచే ఎల్‌ఈడీతో వచ్చిన చాలా హెడ్‌లైట్లలో విడిగా మార్చే బల్బు ఉండదు. దాన్ని విప్పే ప్రయత్నం చెయ్యకుండా సర్వీస్‌కి ఇవ్వండి.

షాపులో ఇంకో మాట వినిపిస్తుంది. "100 వాట్లది వేసుకోండి సార్, పగల్లా ఉంటుంది." వద్దండీ. 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 యాంపియర్లు. 100 వాట్లంటే 8 దాటుతుంది. మన వైరింగ్, మన హోల్డర్ ఆ లెక్కకి వేసినవి కావు. కప్లర్ కరిగిపోతుంది, రిఫ్లెక్టర్ మీద మెరుగు మాడిపోతుంది. హాలోజెన్ గూట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టడం కూడా అంతే. ఈ రిఫ్లెక్టర్ ఒంపు అంతా ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి చేసింది. వెలుగు వేరే చోటు నుంచి వస్తే కాంతి చెల్లాచెదురవుతుంది. మీకు ముందంతా తెల్లగా బాగానే ఉంటుంది, భీమిలి రోడ్డు మీద ఎదురొచ్చే స్కూటీ అమ్మాయికి మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. నీలం పూత హాలోజెన్‌లు కూడా నేను వెయ్యను. ఆ పూతే కొంత వెలుతురు మింగేస్తుంది, అనంతగిరి పొగమంచులో మనకి కావాల్సింది ఆ కొంతే.

ఇప్పుడు నా కప్లర్ లోపల చూడండి. ఆ ఆకుపచ్చటి పొడి కనిపిస్తోందా? చిలుము. బీచ్ దగ్గర ఉండేవాళ్ల బండ్లన్నిటికీ ఇది పడుతుంది, ఉప్పుగాలి మహిమ. కొత్త బల్బు వేసినా చిలుము ఉంటే కరెంటు సరిగా అందదు, అక్కడ వేడెక్కుతుంది, లైటు మందంగా వెలుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి ఆరనివ్వండి. బల్బులు మాటిమాటికీ పోతుంటే మాత్రం ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ పెట్టించండి. 14 వోల్టులకి కాస్త అటూ ఇటూ ఉంటే సరే. 15 దాటితే లోపం బల్బులో లేదు, ఛార్జింగ్‌లో ఉంది. రెండు వైపులా ఒకేసారి పోతే బల్బు కొనకముందు ఫ్యూజు చూడండి.

కొత్తది విప్పుతున్నాను. గాజు ముట్టుకోవడం లేదు చూడండి, చట్రం పట్టుకున్నాను. వేలి జిడ్డు గాజుకి అంటితే అక్కడ వేడి ఎక్కువై గాజు చెడిపోతుంది. పొరపాటున తగిలితే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి. చట్రానికి మూడు చెవులున్నాయి, ఒకటి వెడల్పుగా ఉంది. అది పైకి రావాలి. సరైన బల్బయితే బలం అక్కర్లేదు, తనంతట తనే కూర్చుంటుంది. క్లిప్పు, రబ్బరు, కప్లర్. రబ్బరు అంచు చుట్టూ వేలితో నొక్కండి, లేకపోతే వానాకాలంలో లోపల చెమ్మ చేరుతుంది.

అమ్మలూ, లోబీమ్ వేసి గోడ మీదకి కెమెరా తిప్పు. అదిగో, పైన చీకటి, కింద వెలుతురు, మధ్యలో గీత గీసినట్టు ఉంది. ఎడమ పక్క గీత కొంచెం పైకి లేచింది, ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్లు కనిపించడానికి. గీత ఇలా లేకుండా అలికినట్టు ఉంటే బల్బు వంకరగా కూర్చుంది, మళ్లీ తీసి పెట్టండి.

ఎడమ వైపుది కూడా ఇప్పుడే మారుస్తున్నాను, అదీ ఇంతే కాలం వెలిగింది కదా. ఇంకా బాగానే ఉంది కాబట్టి మెత్తటి గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెడతాను. మీద చీటీ అంటించి రాస్తున్నాను: హెచ్4, 12వీ, 60/55.