గేటు ముందు మూడడుగులు

శ్రోతలకు నమస్కారం.

నేను ఒక పురపాలక సంఘంలో, టౌన్ ప్లానింగ్ విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ని. టేపు పట్టుకుని వీధులు కొలవడమే నా ఉద్యోగం. టేపు ఒక కొస నా చేతిలో, రెండో కొస చైన్‌మన్ చేతిలో. మేమిద్దరం వీధి మొదట్లో కనిపించగానే కొన్ని ఇళ్ల తలుపులు మూసుకునేవి, కొన్ని ఇళ్ల నుంచి మజ్జిగ గ్లాసులు వచ్చేవి. రెండింటికీ కారణం ఒకటేనని నాకు కొత్తలోనే అర్థమైంది.

అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "మా ఇల్లు పోతుందా అండీ?" అంతేగాని, "మా గేటు ముందు ర్యాంపు వీధిలోకి ఎంత వచ్చిందండీ?" అని అడిగినవారు ఆ ముప్ఫై ఏళ్లలో ఒక్కరూ లేరు. ఈవేళ ఆ అడగని ప్రశ్నతోనే మొదలుపెడతాను.

అసలు ర్యాంపు ఎందుకు పుడుతుంది? వీధిలో మొదట ఇల్లు కట్టిన ఆయన రోడ్డుకన్నా రెండడుగుల ఎత్తున పునాది లేపుతాడు. కొన్నేళ్లకు రోడ్డు పాడవుతుంది. పాత పొరను గీకి తీసేశాక కొత్తది వెయ్యాలి. దాన్ని మిల్లింగ్ అంటారు. చిన్న ఊళ్లకు ఆ యంత్రం రావడం అరుదు, అంచనా పత్రంలో ఆ పద్దు కనిపించడం ఇంకా అరుదు. పాత రోడ్డు మీదే కొత్త పొర పడుతుంది. రెండు మూడు సార్లు ఇలా అయ్యేసరికి రోడ్డు గడప ఎత్తుకు వస్తుంది, గట్టి వాన కురిస్తే నీళ్లు వసారాలోకి వస్తాయి. పక్క స్థలంలో కొత్తగా కట్టేవారు ఇది చూసి మూడడుగులు లేపుతారు. వారిని తప్పుపట్టలేం. కానీ ఆ మూడడుగుల ఎత్తుకు స్కూటరు ఎక్కాలి, కారు ఎక్కాలి.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. వాహనం ఇబ్బంది లేకుండా ఎక్కాలంటే అడుగు ఎత్తుకు ఎనిమిది అడుగుల నిడివి కావాలి. మూడడుగులకు ఇరవై నాలుగు. రెండు వందల గజాల స్థలంలో ఇంటి ముందు వదలాల్సింది సాధారణంగా మీటరున్నర, అంటే అయిదడుగులు. మిగతా పంతొమ్మిది అడుగులు ఎక్కడి నుంచి తెస్తారు? తేలేరు. అందుకని వాలును నిటారుగా పెట్టి, గేటు బయట ఒక మూడడుగులు వీధిలోకి దింపుతారు. ఎదురింటివారూ అంతే. ముప్ఫై అడుగుల వీధిలో ఆరు అడుగులు అక్కడే పోయాయి. ర్యాంపు పక్కన కారు నిలిపితే మరో ఆరు. ఆ తర్వాత అదే వీధివారు సంతకాలు చేసి, రోడ్డు ఇరుకైపోయింది, విస్తరించండి అని అర్జీ ఇస్తారు. అలాంటి అర్జీల మీద రసీదు ముద్ర వేసిన చేతులు ఇవే.

ర్యాంపు కింద ఉన్నది సైడు కాలువ. దాని మీద కాంక్రీటు పోసేస్తే పూడిక తీసే మనిషికి పార దూరదు. వానాకాలంలో వీధి మునగడానికి మేఘాన్ని తిడతాం, ముఖ్యమంత్రిని తిడతాం. కాలువ మాత్రం మన గేటు కిందే ఊపిరాడక పడి ఉంటుంది.

ఫుట్‌పాత్ ఉన్న వీధుల సంగతి ఇంకా విచిత్రం. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, నివాస ప్రాంతాలలో కూడా నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు అడ్డు లేకుండా ఉండాలంటుంది. ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదంటుంది. ఇంటి గేటు దగ్గర కూడా ఫుట్‌పాత్ అదే ఎత్తున సాగిపోవాలి, వాహనమే దాని మీదకి ఎక్కి దిగాలి. మన ఊళ్లలో తిరగేసి చేశాం. ప్రతి గేటు దగ్గరా ఫుట్‌పాత్ కోసుకుపోతుంది, కారు సాఫీగా లోపలికి పోతుంది, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఇరవై గజాలకోసారి దిగి ఎక్కాలి. ఆమె దిగదు, ఎక్కదు, రోడ్డు మీదే నడుస్తుంది.

ఇంతవరకు మనం వీధి నుంచి తీసుకున్న మూడడుగులు. ఇప్పుడు వీధి మన నుంచి తీసుకునే అడుగుల మాట.

2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక్క వారం వ్యవధిలో రెండు తీర్పులు ఇచ్చింది. నవంబరు 6న వచ్చింది ఉత్తరప్రదేశ్‌లోని మహారాజ్‌గంజ్ కేసు. అక్కడ 2019లో జాతీయ రహదారి విస్తరణ పేరుతో ఒక పాత్రికేయుడి ఇంటిని కూల్చారు. చేతికి నోటీసు ఇవ్వలేదు, దండోరా వేసి చెప్పామన్నారు. ఆక్రమణ అన్నది నిజమే అనుకున్నా 3.7 మీటర్లు మాత్రమే, కూల్చింది అంతకన్నా చాలా లోపలిదాకా. కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మంది. డబ్బు మాట అటుంచి, నా వంటి టేపు మనుషులకు ముఖ్యమైనది ఆ తర్వాత రాసిన వరస. మొదట రికార్డులను బట్టి, మ్యాపులను బట్టి రోడ్డు అసలు వెడల్పు ఎంతో తేల్చాలి. సర్వే చేయించాలి. ఆక్రమణ ఉంటే నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం చెబితే విని, కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి. తొలగించుకోవడానికి తగినంత గడువు ఇవ్వాలి. ప్రభుత్వ స్థలమంతా కలిపినా విస్తరణకు చాలకపోతే, చట్టప్రకారం భూసేకరణ చేసిన తర్వాతే పని మొదలుపెట్టాలి. ఈ తీర్పు ప్రతిని అన్ని రాష్ట్రాలకూ పంపమన్నారు.

రెండోది నవంబరు 13 నాటి తీర్పు. బుల్డోజరు తీర్పు అని పత్రికలలో పేరుపడింది. దాని ప్రకారం కూల్చివేతకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ మాట చాలామంది విన్నారు. దాని కిందనే ఉన్న మినహాయింపును విన్నవారు తక్కువ. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలుపట్టాల పక్క, చెరువు వంటి బహిరంగ స్థలాలలో కట్టిన అక్రమ కట్టడాలకు ఈ రక్షణ వర్తించదు.

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రోడ్డు హద్దు గీతకు లోపల, మన స్థలంలో ఉన్న ఇటుకకు సుప్రీంకోర్టు కాపలా ఉంది. గీతకు బయట ఉన్న ఇటుకకు ఆ పదిహేను రోజుల కాపలా లేదు. మరి ఆ గీత ఎక్కడుంది? పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు కూడా అబ్బాయి జీతం ఎంతో పత్రం అడుగుతున్న కాలంలో, అరకోటి పెట్టి ఇల్లు కొనేవారు ముందున్న రోడ్డు రికార్డులో ఎన్ని అడుగులో అడగరు. ప్రహరీ గోడే గీత అనుకుంటారు. ఆ గోడను ఎవరు ఎక్కడ కట్టారో పాత యజమానికే గుర్తుండదు.

గీతలు కూడా రెండు రకాలు. ఒకటి ఇప్పుడున్న రోడ్డు హద్దు. రెండోది మాస్టర్ ప్లాన్‌లో రాబోయే రోడ్డుకు గీసినది. హైదరాబాద్ మహానగర ప్రాంతానికి 2031 దాకా వర్తించే ప్రణాళికను 2013లో నోటిఫై చేశారు. ఆ తర్వాత అక్కడ చేతులు మారిన ప్రతి స్థలమూ ఆ గీతలతోపాటే మారింది, రిజిస్ట్రేషన్ కాగితంలో అవి కనిపించకపోయినా. మీ స్థలం మీదుగా రెండో గీత పోతుంటే ఆ మేరకు ఇల్లు ఇవాళే కూలదు. కొత్తగా కట్టుకోవడానికి అనుమతి కోసం వెళ్లినప్పుడు అది బయటపడుతుంది. ఆ భాగం వదిలి కట్టమంటారు. బదులుగా సెట్‌బ్యాకులలో, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీలో సడలింపో, టీడీఆర్ అనే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు బాండో ఇస్తారు.

ప్రణాళిక ముసాయిదాగా ఉన్నప్పుడు అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు. పత్రికలో చిన్న అక్షరాలతో ప్రకటన వస్తుంది, కార్యాలయం గోడకు పటం తగిలిస్తారు. నా అనుభవంలో ఆ పటం చూడటానికి వచ్చేది స్థిరాస్తి వ్యాపారులు మాత్రమే. కామారెడ్డిలో అలా జరగలేదు. అక్కడి ముసాయిదా ప్లాన్‌లో పొలాలను పారిశ్రామిక ప్రాంతంగా చూపారని, వాటి మీదుగా పెద్ద రోడ్లు గీశారని తెలిసి చుట్టుపక్కల గ్రామాల రైతులు కదిలారు. 2023 జనవరిలో పురపాలక మండలి ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే జరిగింది. గీత పెన్సిలుతో ఉన్నప్పుడు చెరిగింది. ఇంటి గోడకు ఎర్ర రంగు పూసి అంకె వేశాక చెరపడం ఎంత కష్టమో, ఆ రంగు డబ్బా మోసినవాడిగా నాకు తెలుసు.

పరిహారం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేది ఇక్కడే. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం సేకరిస్తే పట్టణాలలో మార్కెట్ విలువ లెక్కకట్టి, దానికి సమానంగా మరో నూరు శాతం సొలేషియం, అంటే ఊరట సొమ్ము కలపాలి. ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక అభ్యంతరాలకు అరవై రోజులు ఉంటాయి. అద్దెకు ఉండి అక్కడే బతుకుతెరువు చూసుకుంటున్నవారు మూడేళ్లుగా ఉంటే వారూ బాధిత కుటుంబమే అంటుంది ఆ చట్టం. ఈ ముక్క అద్దె దుకాణాలవారిలో నూటికి తొంభైమందికి తెలియదు. యజమాని చెక్కు తీసుకుని వెళ్లిపోతాడు, టీకొట్టు నడిపే మనిషి సామాను బండికెత్తుకుంటాడు.

టీడీఆర్ అంటే డబ్బు కాదు, హక్కు. ఇక్కడ వదిలిన స్థలానికి బదులు మరోచోట అదనంగా కట్టుకునే హక్కు. తెలంగాణలో 2017 నాటి ఉత్తర్వులు రోడ్డు విస్తరణకు స్థలం ఇచ్చినవారికి నాలుగు రెట్లు ఇస్తామన్నాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఇరవై గజాలు పోగొట్టుకున్న విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ హక్కుతో ఎక్కడ కడతాడు? బిల్డరుకు అమ్ముకోవాలి. బిల్డరుకు అవసరమైనప్పుడే కొంటాడు, తన ధరకే కొంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో తణుకు, తిరుపతి వంటి చోట్ల ఈ బాండ్ల జారీలోనే అక్రమాలు జరిగాయన్న ఆరోపణలు వచ్చి, విచారణలు నడిచాయి. బాండు తప్పని నేను అనను. నగదు అడిగే హక్కు కూడా ఉందని చెప్పకుండా బాండు కాగితం మీద సంతకం పెట్టించడం తప్పు.

హైదరాబాద్ పాతబస్తీలో మెట్రో కోసం జరుగుతున్న విస్తరణను చూడండి. దారుల్‌షిఫా నుంచి శాలిబండ వైపు యాభై, అరవై అడుగులున్న రోడ్డును వంద అడుగులు చేయాలి. అక్కడ గజానికి 81,000 రూపాయలు నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం మొదలుపెట్టారు. గజం ధర చాలదని కొందరు అన్నారు, తరతరాల ఇంటికి ధరేమిటని కొందరు అన్నారు. ఆ పక్కనే పత్తర్‌గట్టి ఉంది. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఆ బజారును తిరిగి కట్టించింది. రోడ్డును వెడల్పు చేసి ఊరుకోలేదు. రెండువైపులా రాతి కమానుల కింద నడవడానికి నీడగా దారి ఇచ్చింది. ఎండవేళ కొనుగోలుదారు కమాను కింద నడుస్తూ దుకాణం చూస్తాడు, బండ్లు రోడ్డు మీద పోతాయి. వందేళ్ల నాటి ఆ బుద్ధి ఇవాళ్టి విస్తరణ అంచనాలలో నాకు కనిపించలేదు. వెడల్పైన మేరంతా చక్రాలకే పోతోంది.

వీధిలో ఎవరు ఏది నిర్ణయిస్తారో కూడా జనానికి అయోమయమే. రోడ్డు పురపాలక సంఘానిది, దాని మీద కదలికపై మాట పోలీసుది. వన్‌వే చేయడం, బరువు లారీలను ఆపడం, గుర్తులు పాతడం మోటారు వాహనాల చట్టం ఇచ్చిన అధికారాలు. మధ్య డివైడరులో సందు మూసి, కిలోమీటరు దూరంలో యూటర్న్ పెడతారు. కూడలిలో రద్దీ తగ్గినట్టు కనిపిస్తుంది. అవతలి వైపు ఇల్లున్నవాడు ఆ కిలోమీటరు తిరగలేక ఎదురుదారిలో స్కూటరు నడుపుకొస్తాడు. ఫిర్యాదు చేద్దామని మా కార్యాలయానికి వస్తే పోలీసు స్టేషనుకు వెళ్లమనేవాళ్లం. వాళ్లు మా దగ్గరికే పంపేవారని తర్వాత తెలిసింది.

ముగించే ముందు నా సంగతి కూడా చెప్పాలి. రిటైరైన మర్నాడు కాదు గానీ, ఆ నెలలోనే, పాత అలవాటు కొద్దీ టేపు తీసి మా ఇంటి ముందు పట్టాను. రెండో కొస మా ఆవిడ పట్టుకుంది. మా ర్యాంపు గీత దాటి రెండడుగుల పది అంగుళాలు వీధిలో ఉంది. "ఎవరూ అడగలేదుగా ఇన్నాళ్లూ" అంది ఆవిడ. అడగాల్సినవాణ్ని నేనే కదా అన్నాను. ఆ పది అంగుళాలైనా ఉంచమంది. ఉంచలేదు. మేస్త్రీని పిలిచి గీత దాకా కొట్టించి, కాలువ మీద తీసి పెట్టుకునే ఇనుప జాలీ వేయించాను.

ఇప్పుడు స్కూటరు లోపలికి ఎక్కించాలంటే దిగి తొయ్యాలి. మేస్త్రీ పని చేస్తున్నంతసేపూ ఎదురింటి ఆయన వాకిట్లో నిలబడి చూశారు. చివరికి దగ్గరకు వచ్చి, "ఏమండీ, నోటీసు వచ్చిందా?" అని మెల్లగా అడిగారు. రాలేదన్నాను. ఆయన నమ్మలేదు. సాయంత్రానికల్లా వీధిలో నాలుగిళ్లవారు తమకెప్పుడు వస్తుందో కనుక్కోవడానికి మా ఇంటికి వచ్చారు. అందరికీ మజ్జిగ ఇచ్చాం.

నమస్కారం.