రిమాండ్ అంటే జైలేనా? ఒక జీఎస్టీ ఫైల్లో కోర్టు మాటలు

(స్క్రీన్ మీద: బెంగళూరు మారతహళ్లిలో చిన్న హార్డ్‌వేర్ షాపు. కౌంటర్ మీద తెరిచిన ఫైలు.)

నమస్కారం అండీ. పోయిన నెల పొద్దున్నే ఒక ఫోన్. ఈ షాపు నడిపే మదనపల్లె అన్న. "తమ్ముడూ, హైకోర్టు ఆర్డర్ వాట్సాప్‌లో పంపినారు. అందులో రిమాండ్ అని ఉంది. నన్ను లోపలేస్తారా? మీ వదినకు ఇంకా చెప్పలేదు."

టీవీ వార్తల్లో రిమాండ్ అంటే పద్నాలుగు రోజులు, జైలు వ్యాను. పాపం, ఆయన తప్పేముంది? తమాషా ఏంటంటే, ఆ ఆర్డర్ ఆయనకు అనుకూలంగా వచ్చింది. అన్న ఒప్పుకున్నారు కాబట్టి, పేరు చెప్పకుండా ఈ ఫైలే చూద్దాం.

(క్లోజప్: మొదటి కాగితం. పైన "డీఆర్‌సీ-01".)

ఇది షో కాజ్ నోటీసు. ఇన్‌పుట్ క్రెడిట్ అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం. 2018-19లో ఆయన అలా తీసుకున్న క్రెడిట్‌లో 2,40,000 రూపాయలు సరుకు అమ్మినవాళ్ల లెక్కల్లో కనపడలేదు. ఈ మొత్తం మీ దగ్గర ఎందుకు వసూలు చేయకూడదో చెప్పండి అంటున్నారు. అంటే ఇది ఇంకా ప్రశ్నే, తీర్పు కాదు. చాలామంది అంకె చూడగానే కట్టేయాలేమోనని హడలిపోతారు.

అంకె కంటే ముందు సెక్షన్ చూడండి. ఇక్కడ 73 అని ఉంది. అంటే మోసం చేశారని అనడం లేదు, లెక్క తేడా వచ్చిందంటున్నారు. జరిమానా మామూలుగా పన్నులో 10 శాతం, అన్నకు 24,000. అదే 74 అని ఉండి, కింద "సప్రెషన్" అనే మాట కనిపిస్తే, కావాలని దాచారని ఆరోపణ. జరిమానా పన్నుతో సమానం, 2,40,000 దాకా పోతుంది. ఆ ఒక్క మాటకు జవాబు రాయకుండా వదిలేయకండి. 2024-25 ఆర్థిక సంవత్సరం లెక్కల నుంచి ఈ రెండు సెక్షన్ల బదులు 74ఏ వచ్చింది.

(క్లోజప్: రెండో కాగితం, "డీఆర్‌సీ-07". తేదీ 2024 ఏప్రిల్.)

ఇది ఆర్డర్. 2018-19కి సెక్షన్ 73 కింద ఆర్డర్ వేయడానికి గడువు 2024 ఏప్రిల్ 30. ఆ హడావుడిలో వచ్చినవాటిలో ఇదొకటి. మధ్యలో ఒక వాక్యం ఉంది చూడండి: జవాబు రాలేదు, విచారణకు ఎవరూ హాజరు కాలేదు. దీన్నే ఎక్స్ పార్టీ ఆర్డర్ అంటారు, అవతలి పక్షం లేకుండా వేసింది. అన్న ఎందుకు వెళ్లలేదు? పోర్టల్లో ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబర్ రెండూ ఎప్పుడో మానేసిన పాత అకౌంటెంట్‌వి. బ్యాంకు ఖాతా ఆగిపోయాకే ఈయనకు సంగతి తెలిసింది. అప్పటికి నవంబర్.

అప్పీలుకు వెళ్దామంటే లిమిటేషన్ అడ్డం. లిమిటేషన్ అంటే గడువు. జీఎస్టీలో మొదటి అప్పీలుకు ఆర్డర్ అందిన దగ్గర్నుంచి 3 నెలలు. తగిన కారణం చూపిస్తే ఇంకో నెల. ఆలస్యాన్ని అలా మన్నించడమే కండొనేషన్ ఆఫ్ డిలే. అది దాటితే అప్పీలు అధికారి జాలిపడినా చేయగలిగేది లేదు. గడువులో వెళ్లి ఉంటే వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం, అంటే 24,000 ముందు కట్టాలి. అది ప్రీ-డిపాజిట్. అది కడితే మిగతా వసూలు ఆగుతుంది, అదే స్టే. స్టే వచ్చిందని స్వీట్లు పంచినవాళ్లను చూశాను. స్టే అంటే మాఫీ కాదండీ, తీర్పు వచ్చేదాకా ఆగడం, అంతే.

ఇక మిగిలింది రిట్. నా మాట వినకుండానే నిర్ణయం చేశారు, సహజ న్యాయం జరగలేదు అని రాజ్యాంగంలోని 226వ అధికరణ కింద హైకోర్టుకు వెళ్లడం.

(క్లోజప్: హైకోర్టు ఆర్డర్ చివరి పేజీ. రెండు మాటల కింద ఎర్ర గీత.)

"సెట్ అసైడ్": పాత ఆర్డర్ కొట్టేశారు. "రిమాండెడ్": ఫైలు మళ్లీ కింది అధికారికే పంపారు, ఈయన మాట విని కొత్తగా నిర్ణయించమని. వెనక్కి వెళ్లింది కాగితాల కట్ట, మనిషి కాదు. ఇంకో విచిత్రం, జీఎస్టీ మొదటి అప్పీలు అధికారికి ఇలా వెనక్కి పంపే అధికారం లేదు.

ఇన్‌కం టాక్స్ ట్రిబ్యునల్లో దీనికి ఇంకా వింత మాట ఉంది. కేసు వెనక్కి పంపేటప్పుడు చివర్లో "అలౌడ్ ఫర్ స్టాటిస్టికల్ పర్పసెస్" అని రాస్తారు. అంటే వాళ్ల లెక్కల పుస్తకంలో మీరు గెలిచారు, మీ పన్ను సంగతి ఇంకా తేలలేదు.

అన్నదీ అదే పరిస్థితి. నెగ్గింది కేసు కాదు, ఇంకో అవకాశం. 2022 డిసెంబర్ 27 నాటి జీఎస్టీ సర్క్యులర్ ప్రకారం 2018-19 తేడాలకు, ఒక్కో సప్లయర్ దగ్గర తేడా 5 లక్షల లోపైతే, ఈ సరుకు అమ్మాను, పన్ను కట్టాను అని ఆ సప్లయర్ రాసిచ్చిన సర్టిఫికెట్ చాలు. ఇద్దరి దగ్గర తేవాలి. ఎస్‌పీ రోడ్ ఆయన సాయంత్రమే సంతకం పెట్టిచ్చారు. రెండో ఆయన కోవిడ్‌లో షాపు మూసేసి ఊరెళ్లిపోయారు. అన్న ఇప్పుడు పాత బిల్లుల్లో ఆయన ఫోన్ నంబర్ వెతుకుతున్నారు.