ట్రైలర్ లాగుతుంటే డీజిల్ ట్రక్కు మైలేజీ ఎంత? డల్లాస్ నుంచి కొలరాడో దాకా

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో మా డీజిల్ పికప్ ట్రక్కుకు క్యాంపర్ ట్రైలర్ (లోపలే పడుకుని వండుకోగల చక్రాల ఇల్లు) తగిలించుకుని డల్లాస్ నుంచి కొలరాడోకు బయలుదేరాము. గుంటూరు నుంచి వచ్చిన మా మేనమామ గారు పక్క సీట్లో ఉన్నారు కనుక, ఊరు దాటకముందే రావలసిన ప్రశ్న వచ్చేసింది. "ఏరా అల్లుడూ, లీటరుకు ఎంత ఇస్తుందిరా ఇది?"

సరుకుతో కలిపి అనుమతించిన మొత్తం బరువు 8,500 పౌండ్లు దాటిన ఇటువంటి పికప్ ట్రక్కులకు ఇక్కడి ప్రభుత్వం మైలేజీ అంకె ప్రకటించదు కాబట్టి, ఎవరి లెక్క వారు వేసుకోవలసిందే. డాష్‌బోర్డు అంకె కొంచెం గొప్పలు పోతుంది. అందుకే ట్యాంకు నిండా పోయించి ట్రిప్ మీటరు సున్నాకు తెస్తాను. మళ్ళీ నింపినప్పుడు పట్టిన గాలన్లతో తిరిగిన మైళ్ళను భాగిస్తాను. ఖాళీగా వెళితే గాలన్‌కు 18 మైళ్ళు ఇచ్చే మా 6.7 లీటర్ల కమిన్స్ ఇంజను, ట్రైలర్ వెనుక ఉంటే 10 దగ్గర ఆగుతుంది. అంటే లీటరుకు 4 కిలోమీటర్ల పైచిలుకు.

"అంత బరువు లాగుతుంటే మరి!" అన్నారు మావయ్య. నిజానికి బరువు పాత్ర మనం అనుకున్నంత లేదు. సుమారు 3,600 అడుగుల ఎత్తున్న టెక్సస్ ఊరు అమరిల్లో నుంచి, కొలరాడో సరిహద్దులో 7,834 అడుగుల ఎత్తున్న రటోన్ కనుమ దాకా, ట్రక్కు, ట్రైలర్ కలిసి ఆరున్నర టన్నులను పైకెక్కించడానికి, ఇంజను సామర్థ్యాన్ని కలుపుకుని లెక్క కట్టినా, అదనంగా అయ్యేది ఒకటిన్నర గాలన్ డీజిల్ మాత్రమే. ఆ 200 పైచిలుకు మైళ్ళకు కాలే 20 గాలన్లలో సింహభాగం గాలిని చీల్చుకుంటూ వెళ్ళడానికే పోతుంది.

దారిలో డల్‌హార్ట్ అనే ఊళ్ళో బంకు దగ్గర ఆగినప్పుడు మావయ్యకు ట్రైలర్ ముందు గోడ చూపించాను. ట్రక్కు పైకప్పు ఎత్తు వరకు గోడ దాదాపు శుభ్రంగా ఉంది. దాని పైన మాత్రం పురుగులు చితికి, ఎండి, గోకినా రానంతగా అతుక్కున్నాయి. గాలి తగులుతున్నది సరిగ్గా అక్కడే.

గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కనుక, గంటకు 75 మైళ్ళ నుంచి 65కు తగ్గితే అది నాలుగో వంతు తగ్గిపోతుంది. ఎదురుగాలి 20 మైళ్ళు వీస్తే, 65లో వెళుతున్నా ట్రైలర్‌కు తగిలేది 85 మైళ్ళ గాలి, అంటే 70 శాతం అదనపు నిరోధం. టెక్సస్ ఉత్తర మైదానాల్లో అటువంటి గాలి వింతేమీ కాదు. 75కు బదులు 65లో వెళితే అమరిల్లో నుంచి రటోన్ దాకా పట్టే అదనపు సమయం అరగంట లోపే. పైగా ఎక్కువ వేగానికి అనుమతి గుర్తు లేని ట్రైలర్ టైర్లు ఆ వేగానికి మించి నడపడానికి తయారైనవి కావు.

రటోన్ కనుమ దాటాక యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటికి పోయే దారిని బిగించి ఇంజనుతోనే బండి వేగం తగ్గించేది) వేయగానే ఇంజనులోకి డీజిల్ వెళ్ళడం ఆగిపోయి, డాష్‌బోర్డు మీద మైలేజీ ఏకంగా 99కి ఎక్కింది. మావయ్య ఆ ఒక్క అంకెనే ఫోటో తీసి గుంటూరుకు పంపించారు.