కోటిన్నర పెట్టి ఒక అడవి మేకపోతును కాల్చేదెందుకు?

(దృశ్యం: రాతి కొండ అంచున నిలబడిన మార్ఖోర్)

ఈ కొమ్ములు చూశారా? తడిబట్ట పిండినట్టు మెలితిరిగి, పెద్ద పోతుకైతే మీటరు దాటి పెరుగుతాయి. దీని పేరు మార్ఖోర్. కొండల్లో తిరిగే అడవి మేక, పాకిస్తాన్ జాతీయ జంతువు. ఈమధ్య వేలాల్లో ఒక్క మార్ఖోర్‌ను వేటాడే పర్మిట్ రెండు లక్షల డాలర్లు దాటి పలికింది. మన డబ్బుల్లో కోటిన్నర పైమాటే. తమాషా ఏమిటంటే, ఈ ఖరీదైన వేట మొదలయ్యాకే అక్కడ వీటి సంఖ్య పెరిగింది.

(దృశ్యం: మ్యాప్‌లో బలూచిస్తాన్, తోర్‌ఘర్ కొండలు)

1979లో సోవియట్ సైన్యం ఆఫ్ఘనిస్తాన్‌లో దిగింది. ఆ యుద్ధం పుణ్యమా అని సరిహద్దు ఇవతలికి కలాష్నికోవ్‌లు, తూటాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. పాత తుపాకీతో ఒకటీ అరా కొట్టుకునే పల్లెలవాళ్ల చేతికి ఆటోమేటిక్ ఆయుధాలొచ్చాయి. ఇంకేముంది, 80ల నడిమికి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో ఉన్న ఈ తోర్‌ఘర్ కొండల్లో మిగిలిన మార్ఖోర్లు వంద లోపేనని అంచనా.

అప్పుడు అక్కడి పెద్దలైన జోగెజై నవాబు కుటుంబం ఒక ఏర్పాటు చేసింది. ఊళ్లవాళ్లు వేట మానెయ్యాలి. వేటగాళ్లలోనే కొందరికి జీతమిచ్చి కాపలా పెట్టాలి. ఏ పోతు ఏ లోయలో దాక్కుంటుందో వాళ్లకంటే బాగా ఇంకెవరికి తెలుసు? మరి జీతాలకు డబ్బెలా? అతికొద్ది ముసలి పోతుల్ని విదేశీ వేటగాళ్లకు వదిలి, వాళ్లు కట్టే ఫీజుతో. 90ల చివరికి అక్కడ మార్ఖోర్లు వెయ్యి దాటాయి.

వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, 1997లో పాకిస్తాన్ మొత్తానికి ఏడాదికి 6 ట్రోఫీలు, అంటే వేటగాడు గుర్తుగా పట్టుకెళ్లే కొమ్ముల తలలు, అనుమతించింది. 2002లో ఆ కోటాను 12 చేసింది. పాకిస్తాన్ ఉత్తరాన ఉన్న చిత్రాల్ జిల్లా లాంటి చోట్ల పర్మిట్ డబ్బులో 80 శాతం చుట్టుపక్కల ఊళ్లకే వెళ్తుంది. 2015లో ఏ జీవికి ఎంత ముప్పుందో లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ కూడా మార్ఖోర్‌ను అంతరించే ప్రమాదమున్న జంతువుల వర్గం నుంచి కాస్త తక్కువ ప్రమాదమున్న వర్గానికి మార్చింది.

(దృశ్యం: వాలు మీద పడుకుని గురిపెట్టిన వేటగాడు)

ఇక సరంజామా. ఏనుగు, అడవి దున్న లాంటివాటికి ఆఫ్రికాలో దగ్గరి నుంచి కొట్టే బరువైన తూటా కావాలి. 1912లో వచ్చిన .375 హాలండ్ అండ్ హాలండ్ తూటాకి అందుకే అంత పేరు. కొండమేక దగ్గరికి రానివ్వదు కాబట్టి ఇక్కడ .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ లాంటి, దూరం వెళ్లినా పెద్దగా కిందికి జారని తూటా వాడతారు. వాలు మీద ఒక మెలిక ఉంది. 45 డిగ్రీల ఏటవాలులో జంతువు 400 మీటర్ల దూరంలో కనిపిస్తే, గురి పెట్టాల్సింది దాదాపు 283 మీటర్ల లెక్కకే. గురుత్వాకర్షణ ప్రభావం అడ్డంగా కొలిచే దూరాన్ని బట్టి ఉంటుంది మరి. అది మరిచిపోతే తూటా జంతువు వీపు మీదుగా పోతుంది. అందుకే దూరంతో పాటు కోణం కూడా చూపే రేంజ్‌ఫైండర్ అనే పరికరం వాడతారు.

నా దృష్టిలో రైఫిల్ కంటే ముఖ్యమైన పరికరం స్పాటింగ్ స్కోప్, అంటే దూరంగా ఉన్న జంతువును దగ్గరగా చూపే చిన్న టెలిస్కోప్. దాంట్లోంచి కొమ్ము మీద ఏటేటా పడే వలయాలు చూసి వయసు లెక్కగడతారు. ఇదివరకే ఎద కాలాల్లో జతకట్టి పిల్లలకు తండ్రైన ముసలి పోతునే ఎంచుకోవాలి.

(దృశ్యం: కెనడా, ఆల్బర్టా కొండల్లో బిగ్‌హార్న్ గొర్రెలు)

అలా ఎంచకపోతే ఏమవుతుందో ఆల్బర్టాలోని రామ్ మౌంటెన్ చూపించింది. అక్కడ కొమ్ము ఒక కొలత దాటితే చాలు, పొట్టేలును కాల్చేయొచ్చు. కొమ్ము త్వరగా పెరిగే కుర్ర పొట్టేళ్లు జతకట్టకముందే పోయేవి. సుమారు 30 ఏళ్లలో అక్కడి పొట్టేళ్ల కొమ్ములూ బరువూ తగ్గుతూ వచ్చాయని పరిశోధకులు 2003లో ప్రకటించారు.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇలాంటి వేటను మూసేసింది. దాన్ని మళ్లీ తెరవాలని నేను అనను. మార్ఖోర్ పద్ధతి నడిచింది కోటా చిన్నది, ధర పెద్దది, డబ్బు ఊరికి చేరింది కాబట్టి. అక్కడైనా సరే, ఏ పోతును కాల్చాలన్న చివరి మాట కోటిన్నర కట్టినవాడిది కాకూడదు, వెంట నడిచే కాపలాదారుదే కావాలి.