మనం ఏమంటున్నామో మనకు తెలిసేదాకా

అస్సలాము అలైకుమ్. సదర్ సాబ్‌కి, పేష్ ఇమామ్ గారికి, కమిటీ పెద్దలకు, పరదా అవతల కూర్చున్న అమ్మలకు, అక్కచెల్లెళ్లకు నా సలాములు. షాదీఖానాకి కొత్త రేకులు వేసిన సందర్భంగా నాలుగు మాటలు మాట్లాడమన్నారు. చందా ఇచ్చినవాళ్లకీ, ఇచ్చే స్తోమత లేక ఇసుక మోసినవాళ్లకీ అల్లాహ్ మంచి ప్రతిఫలం ఇవ్వాలి. రేకుల గురించి ఇంతే.

నాకిచ్చిన అంశం 'నమాజులో ఖుషూ'. ఖుషూ అంటే మనసు అణిగి, అల్లాహ్ ముందు నిలబడ్డానన్న ఎరుకతో ఉండడం. ఖురాన్‌లో ముమినూన్ అనే సూరా, అంటే అధ్యాయం, మొదట్లోనే, సాఫల్యం పొందిన విశ్వాసులెవరో చెబుతూ అల్లాహ్ మొట్టమొదట చెప్పిన గుర్తు ఇదే: తమ నమాజులో ఖుషూ గలవాళ్లు. జకాత్ అనే దానం మాట, అమానత్ మాట, అంటే నమ్మి అప్పగించినదాన్ని కాపాడడం, ఆ తర్వాతే వచ్చాయి.

కాగితం మీద మూడు విషయాలు రాసుకొచ్చాను. నియ్యత్, రియా, ఖుషూ. నియ్యత్, అంటే సంకల్పం. దాని గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాను. పనులన్నీ సంకల్పాన్ని బట్టేనన్న హదీసు, అంటే ప్రవక్త మాట, ఇక్కడున్న పిల్లలకు కూడా నోటికి వచ్చు. రియా, అంటే నలుగురూ చూడాలని చేసే నమాజు. దాని సంగతి మాఊన్ సూరాలో ఉంది. "ఆ నమాజీలకు వినాశం" అంటాడు అల్లాహ్. నమాజు చెయ్యనివాళ్లను కాదు, చేసేవాళ్లనే! నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవాళ్లు, చూపించుకోడానికి చేసేవాళ్లు, చిన్నపాటి సాయం కూడా చెయ్యనివాళ్లు అని మూడూ ఒకే వరుసలో చెప్పాడు. పొరుగింటికి చేద అరువివ్వని మనిషి గురించీ, నమాజులో మనసు లేని మనిషి గురించీ ఒక్కచోటే ఎందుకు చెప్పాడో ఇంటికెళ్లి ఆలోచించండి.

ఇక ఖుషూ. ఇక్కడ మా నాన్న గురించి చెప్పకుండా ముందుకు పోలేను.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే. మా అమ్మకు ఉర్దూ రాదు, నాన్నకు సంతలో పనికొచ్చే నాలుగు ముక్కలు వచ్చు. నాన్న భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపుల్లో, దిండ్లలో దూది ఏకేవాడు. సెలవుల్లో నేనూ వెంట వెళ్లేవాణ్ణి. పాత పరుపు విప్పితే దూది ఎలా ఉంటుందో ఈ కాలం పిల్లలకు తెలియదు. ఏళ్ల తరబడి మనుషులు పడుకుని పడుకుని అది ఉండలు కట్టేస్తుంది. బరువేమీ తగ్గదు, దూది అంతా అక్కడే ఉంటుంది. మెత్తదనం మాత్రం ఉండదు. నాన్న దాన్ని పీచు పీచుగా ఏకితే గంటలో అదే దూది ఇంత ఎత్తు పొంగేది. పొద్దు చూసి మధ్యాహ్నపు నమాజు జొహర్ వేళకు పని ఆపేవాడు. గడ్డంలో, రెప్పల మీద పట్టిన నూగు అంతా కడుక్కుని, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కునే వజూ చేసి, రైతు ఇంటి అరుగు మీద తువ్వాలు పరిచేవాడు. "సాయిబు నమాజు చేసుకుంటున్నాడు, అటు పోకండి" అని ఆ ఇంటి ఇల్లాలు పిల్లల్ని అదిలించేది. పేరు చెప్పను గానీ ఆ ఇళ్లన్నీ నాకు ఇప్పటికీ గుర్తే.

మన నమాజు ఆ పాత పరుపు లాగా అయిందని నా బాధ. నమాజులో నిలబడి, వంగి, సాష్టాంగపడే ఒక్కో ఆవృత్తి ఒక రకాతు. రోజుకి ఫర్జ్, అంటే తప్పనిసరి, రకాతులే 17. ప్రతి రకాతులో చదివేది ఖురాన్ మొదటి సూరా ఫాతిహా. అంటే అది రోజుకి కనీసం 17 సార్లు. నలభై ఏళ్లు చదివితే మాటలన్నీ ఉండకట్టేస్తాయి. ఒక్క అక్షరం తగ్గదు. వంగి రుకూలో ఉన్నామో, నుదురు నేలకానించి సజ్దాలో ఉన్నామో ఒంటికి తెలుస్తుంది. మనసు మాత్రం ట్రాక్టర్ కిస్తీ దగ్గర, అమ్మాయి సంబంధం దగ్గర ఉంటుంది. నమాజు ముగిస్తూ సలాం తిప్పాక మూడు రకాతులు చేశామా, నాలుగు చేశామా అని టెన్షన్. నాకూ జరుగుతుంది, నిన్న సాయంత్రపు నమాజు అసర్‌లో కూడా జరిగింది. మనిషి నమాజు ముగించి వెళ్లేటప్పుడు అతని ఖాతాలో ఆ నమాజులో పదో వంతో, తొమ్మిదో వంతో, సగమో రాయబడుతుందని ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పారు. ఆ హదీసు విన్నప్పుడల్లా నాకు చెమట పడుతుంది.

మరి ఈ ఉండల్ని ఏకేదెలా? నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. మద్యం పూర్తిగా నిషేధం కాకముందు దిగిన ఒక ఆయతు, అంటే ఖురాన్ వాక్యం, నిసా సూరాలో ఉంది. మత్తులో ఉండగా నమాజు దగ్గరికి పోకండి, "మీరు ఏమంటున్నారో మీకు తెలిసేదాకా" అని. ఆజ్ఞ మత్తు గురించే, నిజమే. కానీ కారణం వినండి. మీరు ఏమంటున్నారో మీకు తెలిసేదాకా! 1111లో కన్నుమూసిన ఇస్లాం పండితుడు ఇమామ్ గజాలీ ఈ ఆయతు దగ్గరే ఆగి బాధపడ్డారు: మద్యం ముట్టకుండానే, నమాజులో ఏమంటున్నదీ తెలియనివాళ్లు ఎంతమందో అని. నమాజుకు ప్రాణం పోసేవి ఆరు చెప్పారాయన. మొదటిది మనసు హాజరు కావడం. రెండోది అర్థం గ్రహించడం. ఘనతను గుర్తించడం, భీతి, ఆశ, సిగ్గు ఆ తర్వాతివి.

మిగతా నాలుగింటి గురించి ఈరోజు మాట్లాడను. రెండోదాని దగ్గర నాకొక గాయం ఉంది.

పదేళ్లప్పుడు అరబ్బీ బడిలో ఫాతిహా కంఠతా పెట్టాను. అందులో చివరి ఆయతులోని "గైరిల్ మగ్‌జూబి" దగ్గర నాలుక తిరిగేది కాదు. అది తెలుగులో ఏమవుతుందో తెలిస్తే గుర్తుంటుందని అడిగాను. ఉస్తాద్ నా వైపు చూసి, "ఉర్దూయే రాని దూదేకులోడికి అర్థమెందుకురా? చెప్పింది చదువు" అన్నారు. పిల్లలు నవ్వారు. ఆయన ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయన్ను మన్నించాలి, ఆయన నేర్పిన అక్షరాలతోనే నేను ఇవాళ్టికీ నమాజు చేస్తున్నాను. కానీ ఆ రోజు తర్వాత ఇరవై ఐదేళ్లు నేను ఎవరినీ అర్థం అడగలేదు. ఇరవై ఐదేళ్లు! తెలుగు పంతులుగా పద్యాలకు ప్రతిపదార్థం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, నా నోట రోజుకి 17 సార్లు వచ్చే ఏడు ఆయతుల అర్థం తెలియకుండా బతికాను.

ప్రవక్త దగ్గరికి ఒక మనిషి వచ్చాడు. గబగబా నమాజు చేశాడు. "తిరిగి వెళ్లి చెయ్యి, నువ్వు నమాజు చెయ్యలేదు" అన్నారాయన. మళ్లీ చేశాడు. మళ్లీ అదే మాట. మూడోసారీ అంతే. అప్పుడతను "నాకింతకన్నా బాగా రాదు, నేర్పండి" అన్నాడు. నేర్పారు. నీ కులమేది, నీ భాషేది అనలేదు. నిదానంగా నిలబడు, వంగినప్పుడు కుదురుకో, లేచి నిటారుగా నిలబడు అని ఒక్కొక్కటీ విడమర్చి చెప్పారు. నేర్పమని అడిగాడు, నేర్పారు! పెద్దలారా, నన్ను క్షమించండి, గొంతు పెరిగింది.

నూరేళ్ల కిందటే చిలుకూరి నారాయణరావు గారనే హిందూ పండితుడు ఖురాన్ మొత్తాన్ని తెలుగు చేశారు. ఆ తర్వాత ఎన్నో తెలుగు అనువాదాలు వచ్చాయి. పుస్తకం లేక కాదు మనకు అర్థం అందనిది.

నమాజు అరబ్బీలోనే చేయాలి, మార్చమని నేను అనడం లేదు. నిలబడే ముందు తెలుగులో తెలుసుకోండి అంటున్నాను. ఫాతిహా గురించి ఒక హదీసు ఉంది. "నమాజును నాకూ నా దాసుడికీ మధ్య రెండు సగాలు చేశాను" అంటాడు అల్లాహ్. దాసుడు "సకల లోకాల ప్రభువుకే స్తుతి" అనగానే, "నా దాసుడు నన్ను స్తుతించాడు" అంటాడు. "నిన్నే ఆరాధిస్తాం, నీ సాయమే కోరతాం" అన్నప్పుడు, "ఇది నాకూ నా దాసుడికీ మధ్య మాట, అడిగింది అతనిది" అంటాడు. ప్రతి ఆయతుకీ జవాబు వస్తోంది! ముప్పై ఐదో ఏట ఈ సంగతి చదివి ఆ రాత్రి ఇషాకు నిలబడ్డాను. స్తుతి అల్లాహ్‌కే అనే "అల్‌హందులిల్లాహి" అన్నాక నోరు ముందుకు సాగలేదు.

మర్నాడు అమ్మకు ఫాతిహా అర్థం చెప్పాను. వత్తులు చేసుకుంటూ వింది. "రుజుమార్గం చూపించు" అన్న చోట చెయ్యి ఆగిపోయింది. "ఇన్నాళ్లూ నేనడిగింది దారా నాయనా? నేను మీ జ్వరాలు తగ్గాలనే అడుగుతున్నాననుకున్నా" అంది.

ఇక్కడ నేను నిజం చెప్పాలి, లేకపోతే నా వాదన మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. అర్థం తెలియని రోజుల్లో కూడా మా అమ్మ నమాజులో మనసు ఉండేది. నిలబడే ముందు పొయ్యి తగ్గించేది, చంటిదానికి పాలు పట్టి పడుకోబెట్టేది, ఆకలిగా ఉన్నవాళ్లకు అన్నం పెట్టేసేది. భోజనం ముందుంటే మొదట తినండన్న హదీసు ఆమెకు ఎవరూ చెప్పలేదు. 'అల్లాహు అక్బర్' అని తక్బీర్ కట్టి నమాజు మొదలుపెట్టాక పిలిచినా పలికేది కాదు. అర్థం తెలిసిన నాకు ఆ నిలకడ ఈ రోజుకీ రాలేదు. కాబట్టి అర్థం తెలిస్తే ఖుషూ వచ్చేస్తుందని నేను మాటివ్వలేను. అది అల్లాహ్ ఇచ్చేది. కానీ అర్థం తెలిశాక అమ్మ 'మాకు దారి చూపించు' అనే "ఇహ్‌దినా" దగ్గర ఎంతసేపు ఆగేదో నేను చూశాను. ఆ కాసేపు ఆమెకు యాభై ఏళ్ల ముందే దక్కి ఉండాల్సింది. అదే నా కడుపుమంట.

పేష్ ఇమామ్ గారూ, మీకు నా మనవి. అరబ్బీ బడిలో పిల్లవాడు ఒక్క సూరా అప్పజెప్పాక, దాని అర్థం తెలుగులో చెప్పందే రెండోది మొదలుపెట్టించకండి. మీకు తీరిక లేకపోతే నేనొస్తాను. రిటైరైనవాణ్ణి, రోజూ అసర్ తర్వాత మసీదు వరండాలో కూర్చుంటాను. అమ్మలకు ఆదివారం ఈ షాదీఖానాలోనే. అర్థం అడిగిన పిల్లవాణ్ణి చూసి ఎవరైనా నవ్వితే నాకు చెప్పండి.

మగ్రిబ్ అజాన్‌కి పది నిమిషాలుంది. కుళాయిలు నాలుగే ఉన్నాయి, ముసలివాళ్లను ముందు వజూ చేసుకోనివ్వండి.