నొప్పి ముందా, చెయ్యి పడిపోవడం ముందా?

శ్రోతలకు నమస్కారం. నేను తిరుపతిలో అత్యవసర విభాగంలో డాక్టరుగా పనిచేస్తున్నాను. వెన్నులో హఠాత్తుగా రక్తం చేరడం గురించి ఈ రోజు నాలుగు మాటలు చెబుతాను. చాలా అరుదుగా వచ్చే జబ్బు ఇది. మీలో ఎక్కువమంది పేరు కూడా విని ఉండరు.

ఒక రోజు పొద్దున తొమ్మిదింటికి 108లో ఒకామెను తీసుకొచ్చారు. వయసు యాభై ఎనిమిది, పలమనేరు వైపు పల్లె. అలిపిరి మెట్లు ఎక్కుతూ గాలిగోపురం దాటాక కూలబడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. "పక్షవాతం సార్" అన్నారు వెంట వచ్చినవాళ్లు. మేమూ అదే అనుకున్నాం. బీపీ ఉంది, గుండె కోసం ఎకోస్ప్రిన్ వేసుకుంటోంది. తలకు సీటీ తీయిస్తే రక్తస్రావమేమీ లేదు. అంటే మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండాలి. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. టైము ఉంది. సిస్టర్ మందు బయటికి తీసింది.

కానీ ఆమె మూతి వంకర పోలేదు. మాట ముద్దగా లేదు. పైగా తల ఇటు తిప్పమంటే బాధతో కళ్లు గట్టిగా మూసుకుంటోంది. పక్కనే ఉన్న భర్తను, మొదటినుంచి ఏం జరిగిందో చెప్పమన్నాను.

"మెడ ఇరిగినట్టు నొప్పి అనింది సార్. రెండు భుజాల మధ్యన పొడస్తా ఉండాదని ఆ మెట్టు మీదనే కూకునింది. అర్ధగంటకి చెయ్యి లేస్తా లేదనింది."

స్పిరిట్‌లో ముంచిన దూది తీసుకుని ఆమె పాదాలకు ఆనించాను. బలం పోయిన కుడికాలికి చల్లదనం తెలిసింది. బాగా కదులుతున్న ఎడమకాలికి తెలియలేదు. రెండుసార్లు, మూడుసార్లు ఆనించి చూశాను. అదే జవాబు. బలం ఒక పక్క పోయి, చల్లన, నొప్పి తెలియడం రెండో పక్క పోయిందంటే దెబ్బ వెన్నుపాములో ఉందని అర్థం. బలాన్నిచ్చే నరాలు వెన్నుపాములో తమ పక్కనే దిగుతాయి. నొప్పిని, చల్లదనాన్ని మోసే నరాలు వెన్నుపాములోకి రాగానే అవతలి పక్కకు దాటి పైకి వెళతాయి. ఇంజెక్షన్ ఆపించి మెడకు ఎమ్మారై తీయించాం. వెన్నుపాము వెనక, దాని పొర బయట, రక్తం గడ్డకట్టి ఉంది. ఆ మందు ఎక్కించి ఉంటే రక్తస్రావం ఇంకా పెరిగేది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు చేతులు చల్లబడతాయి.

వెన్నుపాము మన చిటికెనవేలంత లావు ఉంటుంది. దాని చుట్టూ గట్టి పొర, ఆ పొరకూ వెన్నుపూసకూ మధ్య కొద్దిపాటి కొవ్వు, పల్చని సిరల వల. ఈ సిరల్లో రక్తం వెనక్కి రాకుండా ఆపే కవాటాలు లేవు. గట్టిగా దగ్గినా, ముక్కినా, బరువెత్తినా ఆ ఒత్తిడి నేరుగా వాటిమీద పడుతుంది. ఎప్పుడో ఒకరికి ఒక సిర చిట్లుతుంది. చుట్టూ ఎముక కాబట్టి రక్తానికి పోయే దారి ఉండదు, వెన్నుపామును నొక్కేస్తుంది. చాలామందిలో ఎందుకు చిట్లిందో కారణం దొరకదు. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లలో ప్రమాదం ఎక్కువ. 1869లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇలాంటి రోగి గురించి రాశారు. అప్పుడు ఎమ్మారై ఎక్కడిది!

ఏడాదికి పదిలక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. 2011 జనాభా లెక్కల ప్రకారం మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో దాదాపు 41 లక్షల 70 వేల మంది. ఆ లెక్కన జిల్లా మొత్తానికి ఏడాదికి నలుగురు. ఒక డాక్టరు సర్వీసంతా ఒక్కరిని కూడా చూడకపోవచ్చు. పట్టుకోవడం కష్టం అందుకే.

నేనూ ఒకసారి పట్టుకోలేకపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో. గుండె కవాటం మార్పించుకున్న ఒక పెద్దాయన రాత్రిపూట నడుము పైభాగంలో నొప్పి అంటూ వచ్చాడు. కాళ్లు కదులుతున్నాయి. నొప్పి ఇంజెక్షన్ చేసి పంపించేశాను. ఏం మాత్రలు వాడుతున్నావు అని అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం రెండు కాళ్లూ పడిపోయి, మూత్రం బిగుసుకుపోయి మళ్లీ వచ్చాడు. రక్తం పల్చబడటానికి వాడే అసిట్రోమ్ మాత్రల అట్ట ఆయన కొడుకు చొక్కా జేబులోనే ఉంది, ముందురోజు రాత్రి కూడా. ఆపరేషన్ అయింది గాని ఆయన మళ్లీ నడవలేదు.

మెడ పట్టేసినా, నడుం పట్టేసినా ఇదేనేమో అని భయపడకండి. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు కండరాల నొప్పే. కానీ ఉన్నట్టుండి కత్తితో పొడిచినట్టు మెడలోనో వీపులోనో నొప్పి వచ్చి, ఆ వెనకే కాళ్లో చేతులో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా మర్దనా చేయించవద్దు, తెల్లారనీ అని ఆగవద్దు. పుత్తూరు కట్టు మీద మన జిల్లా జనానికి ఉన్న నమ్మకం నాకు తెలుసు. విరిగిన ఎముక సంగతి వేరు, ఇది వేరు. 108కి ఫోన్ చేసి, ఎమ్మారై, నరాల సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. వెన్నుపూస వెనకభాగం కొంత తీసి, గడ్డను బయటికి తీయాలి. మొదటి పన్నెండు గంటల్లో తీస్తే కోలుకునే అవకాశం మెరుగ్గా ఉంటుంది.

అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్లు ఈ మాటలు విని మాత్రలు మానేయకండి. మానేస్తే గుండె కవాటం మీద గడ్డ కట్టవచ్చు, అది ఇంకా ప్రమాదం. డాక్టరు చెప్పిన రోజుకు, రక్తం ఎంత పల్చబడిందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోండి. మాత్రల అట్ట పర్సులో పెట్టుకోండి. ఆసుపత్రికి రాగానే, మేము అడగకపోయినా, రెండు సంగతులు చెప్పండి: నొప్పి ఎక్కడ మొదలైంది, ఏ మాత్రలు వాడుతున్నారు.

పలమనేరు ఆమెకు ఆ సాయంత్రమే ఆపరేషన్ అయింది. నాలుగో నెలలో భర్త చెయ్యి పట్టుకుని నడిచే ఓపీకి వచ్చింది. కుడిచేత్తో జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం ఇంకా రావడం లేదని, కోడలు పెడుతోందని చెప్పింది. వేళ్లకు ఫిజియోథెరపీ కొనసాగించమని రాసిచ్చాను.

నమస్కారం.