బతుకమ్మ ఆటకు మైక్ సెట్ ఎక్కడ పెట్టాలి? మూడు రకాలుగా పెట్టి చూశాం

నమస్తే అక్కలు, అన్నలు. నా వెనక కనిపిస్తున్నది మా ఊరి చెరువు కట్ట కింద ఉన్న గ్రౌండు. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఉంటుంది మా ఊరు. మొదటి రోజు ఎంగిలిపూల నుంచి చివరి రోజు సద్దుల దాకా బతుకమ్మ ఇక్కడే ఆడతారు. సద్దుల నాడు నూట యాభై మంది దాకా ఆడవాళ్లు ఉంటారు. ఆట గుండ్రం ఈ చివర నుంచి ఆ చివరకు 30 మీటర్లు వస్తుంది, టేపు పెట్టి కొలిచాను.

ఈ వీడియో ఎందుకంటే, పోయినేడాది ఒక షాపు నుంచి రెండు పెద్ద డీజే బాక్సులు కిరాయికి తెచ్చి గ్రౌండుకు ఒక పక్కన పెట్టారు. బాక్సుల ముందున్న వాళ్లు చెవులు మూసుకున్నారు. అవతలి పక్క వాళ్లకు పాట సరిగ్గా అందలేదు. మా నాయనమ్మ పాట ఎత్తుకుంటే మిగతా వాళ్లు ‘ఉయ్యాలో’ అని అందుకోవాలి. ఎవరి మాట ఎవరికీ వినపడక రెండు పాటలకే మానేసి ఫోన్‌లో పాటలు పెట్టారు. పెద్దవాళ్లు తొందరగా ఇంటికి పోయారు. నాకు చాలా బాధేసింది. ఆ పాటలు ఇప్పుడు నోటికి వచ్చినవాళ్లు మా ఊళ్లో పది మంది కూడా లేరు. అందుకే ఈసారి మైక్ సెట్ పని నేను తీసుకుని మూడు రోజులు మూడు రకాలుగా పెట్టి చూశాను.

మొదటి రోజు గుడి మీద ఉన్న గొట్టం స్పీకర్లు, అంటే హారన్లు రెండు తెచ్చి స్తంభానికి కట్టాం. హారన్ మాటకు చాలా మంచిది. తక్కువ కరెంటుతో దూరం పోతుంది, మాట స్పష్టంగా ఉంటుంది. ‘బతుకమ్మలు తీసుకుని అందరూ చెరువు దగ్గరికి రండి’ అని చెప్పడానికి దీన్ని మించింది లేదు, ఊరి చివరి ఇంటికి కూడా వినపడింది. పాటకు మాత్రం పనికిరాదు. హారన్‌లో బరువు శబ్దం దాదాపు రాదు, సుమారు 300 హెర్ట్జ్ కింద అంతా పోతుంది. నాయనమ్మ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు వినిపించింది. కట్టేటప్పుడు హారన్ మూతి కొంచెం కిందికి వంచండి, లేకపోతే వాన నీళ్లు లోపల నిలుస్తాయి.

రెండో రోజు స్టాండు మీద రెండు పన్నెండు ఇంచుల బాక్సులు. శబ్దం పెంచే యాంప్లిఫయర్ లోపలే ఉండే రకం, అందుకే బాక్సు దాకా కరెంటు వైరు పోవాలి. వాటిని వేదిక ఉండే చోటనే, గ్రౌండుకు ఒక పక్కన పెట్టాం. శబ్దం బాగుంది, గొంతు గొంతులాగే వచ్చింది. కానీ పోయినేటి ఇబ్బందే మళ్లీ. ఎందుకో నడిచి చూస్తే అర్థమైంది.

దీన్ని కాస్త నిదానంగా చెప్తాను, అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. బాక్సుకు 5 మీటర్ల దగ్గర నిలబడిన అక్కకు, 35 మీటర్ల దూరంలో ఉన్న అక్కకు మధ్య సుమారు 17 డెసిబెల్స్ తేడా వస్తుంది. ఆ చివర చాలినంత వినపడాలని వాల్యూమ్ పెంచితే ఈ చివర చెవులు పగులుతాయి. ఇది వాట్స్ పెంచితే తీరేది కాదు.

రెండోది చప్పట్లు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. బాక్సు దగ్గరున్న వాళ్లకు పాట వెంటనే వినపడితే, అవతలి చివర వాళ్లకు దాదాపు సెకనులో పదో వంతు ఆలస్యంగా చేరుతుంది. మామూలు మీటింగుల్లో ఇది తెలియదు. బతుకమ్మలో అందరూ ఒకేసారి వంగి ఒకేసారి చప్పట్లు కొట్టాలి. ఈ పక్క చప్పట్లు ముందు, ఆ పక్క చప్పట్లు వెనక పడ్డాయి. ఆట కలవలేదు. ఆడేవాళ్లు తప్పు తమదే అనుకున్నారు. తప్పు బాక్సులు పెట్టిన చోటుది.

అందుకని మూడో రోజు స్పీకర్లను గుండ్రం మధ్యలోకి తెచ్చాం. ఇదిగో, ఇక్కడ చూడండి. బతుకమ్మలు పెట్టే చోట మధ్యలో రెండు అడుగుల గుంత తీసి ఇనుప పైపు పాతాం. నాలుగు వైపులా తాళ్లు లాగి కట్టాం. తల కంటే ఎత్తులో నాలుగు ఎనిమిది ఇంచుల బాక్సులు వీపులు కలిపి బయటికి చూసేలా బిగించి, మూతులు కొంచెం కిందికి వంచాం. ఇప్పుడు ఎవరు ఎక్కడ నిలబడినా బాక్సుకు 15 మీటర్లే. అందరికీ ఒకే వాల్యూమ్, అందరికీ ఒకే సమయం. చప్పట్లు కలిశాయి. మొదటి పాటలోనే తెలిసిపోయింది. వాల్యూమ్ నిన్నటి కంటే చాలా తక్కువ పెట్టాం, అయినా ఎవరూ వినపడలేదనలేదు.

వైరింగ్ చెప్తాను, దయచేసి జాగ్రత్తగా వినండి. చాలామంది పవర్ ప్లగ్గు వైరును గుండ్రం దాటించి మధ్యలోకి లాగుతారు. అక్కడ చెప్పులు లేని కాళ్లు, తడి గడ్డి, చిన్నపిల్లలు. 230 వోల్టుల వైరు ఆట మధ్యలోకి వద్దే వద్దు. అందుకే రెండో రోజు బాక్సులు బాగున్నా నేను వాటిని మధ్యలోకి తేలేదు. ఈ చిన్న బాక్సులకు యాంప్లిఫయర్ బయట ఉంటుంది, లోపలికి స్పీకర్ వైరు మాత్రమే పోతుంది. యాంప్లిఫయర్ వెనక 4, 8, 16 ఓమ్స్ (కరెంటుకు బాక్సు ఇచ్చే అడ్డు లెక్క), 100 వోల్ట్స్ అని కొసలు ఉంటాయి. హారన్లకు వాడే 100 వోల్ట్స్ లైను కూడా షాక్ కొడుతుంది. దాన్ని గుండ్రంలోకి తీసుకురావద్దు, 8 ఓమ్స్ దగ్గరే కలపండి. మా బాక్సులు ఒక్కోటి 8 ఓమ్స్. రెండేసి వరసగా, అంటే సిరీస్‌లో కలిపితే 16, ఆ రెండు జతలను పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా కలిపితే మళ్లీ 8. నాలుగింటికీ సమానంగా పవర్ పోతుంది. 120 వాట్ల యాంప్లిఫయర్‌తో ఒక్కోదానికి 30 వాట్లు. ఇంత గ్రౌండుకు అది చాలా ఎక్కువే.

వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది తీసుకోండి. 25 మీటర్ల పొడవుకు ఏడు శాతం దాకా పవర్ వైరులోనే పోతుంది, ఫర్వాలేదు. సన్న వైరు వేస్తే ఇంకా పోతుంది, వేడెక్కుతుంది. గడ్డపారతో నాలుగు వేళ్ల లోతు కాలువ తీసి, పైపులో వైరు వేసి మట్టి కప్పాం. ఒక్కరి కాలికీ తగల్లేదు.

ఇక మైకు. స్పీకర్ల ముందు మైకు పెడితే ‘కుయ్యి’మంటుందని అందరికీ తెలుసు. మరి మధ్యలో స్పీకర్లు పెడితే ఆడే వాళ్లందరూ స్పీకర్ల ముందే ఉన్నట్టు కదా అని నాకూ భయమేసింది. ముందు కాలర్ మైకు పెట్టాం. అది అన్ని వైపులా వింటుంది, వెంటనే కూత పెట్టింది, తీసేశాం. తర్వాత మామూలు చేతి మైకు, కార్డియాయిడ్ రకం, వైరు లేనిది. ఈ రకం మైకు మూతి వైపే వింటుంది, తోక వైపు చాలా తక్కువ వింటుంది. బతుకమ్మ ఆడేవాళ్లు ఎటు చూస్తారు? మధ్యలోకి. అంటే మైకు మూతి నాయనమ్మ నోటి వైపు, తోక సరిగ్గా స్పీకర్ల వైపు. కూత రాలేదు. పైగా స్పీకర్లు ఆమె ఎదురుగానే ఉన్నాయి కాబట్టి తన గొంతు తనకు వినపడుతోంది, గొంతు చించుకోవాల్సిన పని లేదు.

కానీ ఆమె రెండు చేతులూ చప్పట్లకు కావాలి, వంగినప్పుడు నోరూ కిందికి పోతుంది. మా చిన్నమ్మ బిడ్డ పక్కన నడుస్తూ మైకు పట్టుకుంది. నోటికి నాలుగు వేళ్ల దూరం, వంగితే మైకూ వంగాలి. జాలీని పిడికిట్లో మూయొద్దని ముందే చెప్పాను, మూస్తే ఆ మైకు కూడా అన్ని వైపులా విని కూత పెడుతుంది.

కరెంటు సంగతి. సాయంత్రం ఫ్లడ్ లైట్లు వేయగానే వోల్టేజీ పడిపోతుంది. మైక్ సెట్‌కు వేరే ఫేజ్ నుంచి తీసుకోండి, ఎర్త్ తప్పకుండా కలపండి. జనరేటర్ అయితే గ్రౌండుకు దూరంగా పెట్టండి.

పర్మిషన్ కూడా కావాలి. 2000 సంవత్సరం శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పెట్టకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, ఇచ్చారో లేదో పోలీస్ స్టేషన్‌లోనే అడగండి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించి ఉండొచ్చు. స్పీకర్లు మధ్యలో ఉంటే ఇక్కడ కూడా లాభమే. వాల్యూమ్ తక్కువ కాబట్టి గ్రౌండు దాటి పెద్దగా పోదు. మా గ్రౌండు పక్కింట్లో బాలింత ఉంది, వాళ్ల తల్లి వచ్చి ఈసారి పాప పడుకుంది బాబూ అని చెప్పింది.

నా రేటింగ్ అడిగితే, పిలుపుకు హారన్, పాటకు మధ్యలో నాలుగు చిన్న బాక్సులు. హారన్‌కు గుడిలో ఉన్న పాత యాంప్లిఫయరే వేరుగా వాడాం. బాక్సులు, వైరు నేను హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చాను. కొనే ముందు షాపులోనే మైకు పెట్టించి మీ ఇంటి ఆడవాళ్లతో రెండు వరసలు పాడించి వినండి, పాటలు పెట్టి చూపిస్తే ఒప్పుకోవద్దు. ఊళ్లో గుండ్రం ఇంకా పెద్దదైతే, అంటే 50 మీటర్లు దాటితే, ఒకటే గుండ్రం పెట్టకుండా రెండు చేసి ఒక్కోదానికి ఒక్కో సెట్ పెట్టండి. రెండింటినీ దగ్గరగా పెట్టొద్దు, ఒకదాని పాట ఇంకోదాని మీద పడుతుంది.

సద్దుల నాడు బతుకమ్మలు ఎత్తుకుని చెరువుకు కదలగానే మైకు ఆపేశాం. నీళ్ల దగ్గర నాయనమ్మ ఉత్త గొంతుతోనే పాడింది, అందరూ అందుకున్నారు. స్పీకర్లు ఆ రాత్రే దింపాం. మట్టిలో వేసిన పైపు మాత్రం తీయలేదు, రెండు కొసలకు మూతలు పెట్టి అట్లనే ఉంచాం, వచ్చే ఏడాది వైరు దూర్చుకుంటే చాలు.